మేనమామ నంబరు

తకొరాడి ఊళ్ళో అంపొన్సెంను ఎరగనివాళ్ళే ఎక్కువ. ఎరిగినవాళ్ళు మాత్రం ఎదురుపడితే క్షేమం అడగరు, పని చెబుతారు. నలభై రెండేళ్ళ మనిషి. పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకుంటాడు. రేవు రోడ్డులో ఒక గది అద్దెకు తీసుకుని ప్రింటర్లూ ఫోన్లూ బాగుచేస్తాడు. అది పైకి కనిపించే బతుకు. అసలు బతుకు అయిదారు గంటల బస్సు దూరంలో, కుమాసిలో, తల్లివైపు వాళ్ళ ఉమ్మడి ఇంట్లో, హాలు మూలనున్న ఒక ఇనుప పెట్టెలో ఉంది.

ఆ పెట్టె ఒక పాత సర్వరు. పైకి ఒక్కటే గాని, లోపల అయిదు కంప్యూటర్లు కాపురం చేస్తున్నాయి, ఒకదాని గుట్టు ఒకదానికి తెలియకుండా. ఏ ఉమ్మడి ఇంట్లోనూ అంత మర్యాద ఉండదు. వాటిలో మూడు, సెఫ్వి అడవుల వైపున్న మూడు ప్రసూతి కేంద్రాలవి. ఏ తల్లికి ఏ నెల, పోయిన కాన్పులో ఏం జరిగింది, ఏ మందు పడదు, అంతా అందులోనే ఉంటుంది. అక్కడి మంత్రసానులు టాబ్లెట్ మీద వేలు పెడితే కుమాసిలో పెట్టె పలుకుతుంది. తకొరాడిలో కూర్చుని అంపొన్సెం దాని బాగోగులు చూస్తాడు.

నాలుగు నెలలుగా ఆ పెట్టె పలకడం మానేస్తోంది. రోజంతా కాదు. మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి లైను తెగుతుంది, నాలుగింటికి దానంతటదే కలుస్తుంది. రోజూ అంతే, ఆదివారం కూడా సెలవు లేదు. వేళ తప్పకుండా వచ్చేదాన్ని జబ్బు అనరు, చుట్టం అంటారు. అంపొన్సెంకు అది నవ్వులాటగా ఉన్నది మొదటి వారమే.

చేయవలసినవన్నీ చేశాడు. కుమాసి ఇంట్లో పక్క వాటాలో అద్దెకున్న దర్జీ చేత తీగలు మార్పించాడు. కొత్త రౌటర్ కొని బస్సులో పంపాడు. లైను కంపెనీ మనిషి స్తంభమెక్కి చూసి, మావైపు ఏ లోటూ లేదని సంతకం పెట్టి పోయాడు. నిజంగానే లేదు. దూరం నుంచి చూడబోతే, చూసే దారే ఆ రెండు గంటలూ మూసుకుపోతుంది.

మంగళవారం ఆ మూడు కేంద్రాల్లో ఒకదాని నుంచి సిస్టర్ దెదె ఫోన్ చేసింది. పాతికేళ్ళుగా పురుళ్ళు పోస్తున్న మనిషి, గొంతు పెంచదు.

"తమ్ముడూ, నిన్న రెండుంబావుకు ఒకమ్మాయి నొప్పులతో వచ్చింది. కొత్త మొహం, పక్క కేంద్రంలో చూపించుకునేది. రికార్డు తెరిస్తే నీ చక్రం తిరుగుతూనే ఉంది. బిడ్డ బయటపడ్డాక రక్తం ఆగలేదు. టాక్సీలో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాం. సాయంత్రం చూస్తే తెరుచుకుంది. పోయిన కాన్పులోనూ అంతేనట, పెద్ద అక్షరాలతో రాసి ఉంది."

"ఆ అమ్మాయి..."

"బతికింది. ఈసారికి బతికింది. ఈ నెలలో నాకు ఇంకా పదకొండు మంది ఉన్నారు. వేళ చూసుకుని కనమని వాళ్ళకి చెప్పనా?"

అంపొన్సెం దుకాణం మూసేశాడు. మర్నాడు తెల్లవారగానే కుమాసి బస్సెక్కాడు.

ఆ ఇంట్లో ఇప్పుడు మనవాళ్ళంటూ మిగిలింది ఫొరివా పెద్దమ్మ ఒక్కతే. అంపొన్సెం తల్లికి అక్క, డెబ్భై ఎనిమిదేళ్ళది. ఇంకా నల్లబట్టలోనే ఉంది. ఆమె తమ్ముడు కుసి పోయి నాలుగు నెలలు. పోస్టాఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు విడదీసిన మనిషి. అంపొన్సెంను చదివించింది, చేతికి పని నేర్పించింది, పెట్టె పెట్టుకోవడానికి హాలులో మూల ఇచ్చింది ఆయనే. మా దగ్గర తండ్రి పేరు పెడతాడు, మేనమామ బతుకు పెడతాడు. మేనమామ పోతే ఆయన పీట, అంటే ఇంట్లో ఆయన స్థానం, మేనల్లుడిది. అయితే దానికో పద్ధతుంది. పోయినవాడి గదికి కుటుంబపెద్ద తాళం వేస్తాడు. ఏడాది తిరిగేదాకా అది తీయకూడదు, లోపల చెప్పు కూడా కదపకూడదు. ఏడాది నాడు అందరూ కూర్చుని, పీట మీద ఎవరో అప్పుడు చెబుతారు.

"ఏరా, ఈ గుమ్మం ఇప్పటికి గుర్తొచ్చిందా?" అంది పెద్దమ్మ. "చిక్కిపోయావు. ఆ ఊళ్ళో నువ్వు చేపల్ని తింటున్నావా, చేపలు నిన్ను తింటున్నాయా?"

"పెట్టె సతాయిస్తోంది పెద్దమ్మా. అందుకని వచ్చాను."

"నా కోసమని అబద్ధమాడలేదు. సంతోషం. కాళ్ళు కడుక్కో."

కర్రపెండలం దంచిన ఫుఫు ముద్ద పెట్టింది. తను తినలేదు. ఒకటిన్నరకు చిన్న గిన్నెలో ఇంత ఫుఫు, పులుసు వేసి, మూత పెట్టి, కుసి గది తలుపు ముందున్న ముక్కాలిపీట మీద పెట్టింది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పోయినవాళ్ళకు పెట్టుకోవడం లోకంలో ఉన్నదే.

రెండు కావస్తుండగా అంపొన్సెం తన లాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు తగిలించి కూర్చున్నాడు. పెరట్లో ఎండ నిప్పులు చెరుగుతోంది. దర్జీ మిషను టకటకలాడుతోంది. రెండయింది. పెట్టెకూ తనకూ మధ్య లైను తెగింది. ఇక్కడే, మూడు అడుగుల దూరంలో, పెట్టె పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ఇంట్లో లైను మీదున్న ప్రతి యంత్రానికీ ఒక నంబరుంటుంది. పెట్టె నంబరు నలభై. ఈ ఇంట్లో నలభై ఎవరు అని అడిగాడు. అలా అడిగితే ఎవరిదో వాళ్ళు పలుకుతారు. ఇద్దరు పలికారు. ఒకటి పెట్టె. రెండోది తన పేరు కూడా చెప్పింది. తెర మీద పెద్ద అక్షరాలతో వచ్చింది: కుసి.

అంపొన్సెం తీగ పీకి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, అంపొన్సెం ఎవరికీ చెప్పనిది. నలభై అనేది మామ పోస్టు పెట్టె నంబరు. ఆయనకు లాప్‌టాప్ కొనిచ్చిన రోజు, నా నంబరే దీనికీ వెయ్యరా అని పిల్లాడిలా మారాం చేసి వేయించుకున్నాడు. ఆయన పోయిన మర్నాడు పొద్దున, కుటుంబపెద్ద గదికి తాళం వేసి వెళ్ళాక, అంపొన్సెం హాలులో ఒంటరిగా కూర్చుని ఒక పని చేశాడు. లైను మీద నలభైని పిలిచాడు. నలభై పలకలేదు. పలకదు కదా అనుకుని, ఆ నంబరు తీసి తన పెట్టెకు పెట్టుకున్నాడు. అవసరమేమీ లేదు. మామ చోట తన చెయ్యి పడాలనిపించింది, అంతే. ఏడాది ఆగలేకపోయాడు.

"వచ్చాడు" అంది పెద్దమ్మ, వెనక్కి తిరక్కుండా.

తాళం వేసిన తలుపు అవతల ఏదో కదిలింది. ముసలి గొంతులో కఫం అడ్డుపడినట్టు గరగర. ఆగింది. మళ్ళీ గరగర.

"రోజూ ఇంతే" అంది. "రెండింటికి లేస్తాడు. దగ్గుతాడు. నాలుగింటికి పడుకుంటాడు."

"ఎప్పట్నించి?"

"తాళం వేసిన రోజు నుంచే."

"ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట చెప్పలేదేం పెద్దమ్మా?"

"చెబితే వచ్చి బాగుచేస్తావని."

అంపొన్సెం వెళ్ళి తలుపుకు చెవి ఆనించాడు. తెలిసిన చప్పుడే. "అది మామ లాప్‌టాప్. లోపల ఫ్యాను అరిగిపోయింది. పక్షవాతం వచ్చాక ఆయన వేలు బటన్ మీద నిలవలేదు కదా. రెండింటికి తనే లేచేలా, నాలుగింటికి తనే పడుకునేలా పెట్టింది నేనే. ప్లగ్గు తీసేశారనుకున్నాను, తియ్యకుండానే తాళం వేశారు."

"ఫ్యాను దగ్గేదో మనిషి దగ్గేదో తెలియనంత ముసలిదాన్ని కాలేదురా. లేవడం నువ్వు నేర్పావు, సరే. నేర్పినవాడివి కాబట్టి నిన్నే అడుగుతున్నా. ఇంకా ఎవరికోసం లేస్తోంది?"

దానికి జవాబు అంపొన్సెంకు తెలుసు. మధ్యాహ్నం రెండు, మామ ఆ లాప్‌టాప్‌లోంచి తనతో మాట్లాడే వేళ. మొదట్లో రోజూ మాట్లాడుకునేవారు. పక్షవాతం తర్వాత మామ మాట ముద్దముద్దగా వచ్చేది, ఒక్క ముక్క చెప్పడానికి పది నిమిషాలు పట్టేది. దుకాణంలో పనుందని ఒకరోజు ఎత్తలేదు. తర్వాత రెండు రోజులకోసారి. చివరి నెలలో ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టుకునేవాడు. ఆయన కుర్చీలోనే ఒరిగిపోయిన రోజున కూడా అది బోర్లానే ఉంది, మోగి మోగి ఆగింది. ఆ సిగ్గు అతన్ని నాలుగు నెలలుగా లోపల తింటూనే ఉంది.

సాయంత్రం కుటుంబపెద్ద ఒపనిన్ దువా దగ్గరికి వెళ్ళాడు, గది తాళం ఒక్క నిమిషం అడగడానికి. ఆయన మెకానిక్ షెడ్డు ముందు దాయాలాట ఆడుతున్నాడు. పావు చేతిలో పట్టుకునే అంతా విన్నాడు. దెదె సంగతీ విన్నాడు. చివరికి నంబరు సంగతి కూడా అంపొన్సెం చెప్పక తప్పలేదు.

"తాళం తియ్యను" అన్నాడు దువా. "ఏడాది తిరక్కుండా తీస్తే రేపు పైకెళ్ళి కుసికి నేనేం మొహం చూపించను? అయినా గదితో నీకేం పని? నువ్వేం చేశావో నువ్వే చెప్పావు కదరా. ఎవరూ చూడకుండా పీటెక్కి కూర్చున్నావు. ఒకే పీట మీద ఇద్దరు కూర్చుంటే ఎవరి కాళ్ళూ నేలకానవు."

"అది యంత్రం తాతా. పీట కాదు."

"సరే, యంత్రమే. లే. వాడి చోట వాడిని ఉండనిచ్చి, నీ చోట నువ్వు కూర్చో. అంతకుమించి నాకు కంప్యూటర్లు తెలియవు."

తమాషా ఏమిటంటే, వైద్యం కూడా అదే. నంబరు మార్చడం పది నిమిషాల పని. తెర మీద మామ పేరు చూసిన క్షణానే అంపొన్సెంకు ఆ సంగతి తెలుసు. తెలిసే తాళంచెవి కోసం అంత దూరం నడిచాడు. ఆ యంత్రాన్ని ఆర్పేస్తే నలభై తనకే ఉండిపోతుంది. అది తనకే నచ్చని బుద్ధి, అయినా నడిపించింది.

ఇంటికి తిరిగొచ్చి పెట్టెను నలభై ఒకటికి మార్చాడు. బయటి నుంచి వచ్చేవాళ్ళందరికీ కొత్త చోటు చూపించాడు. పెద్దమ్మ వచ్చి వెనక నిలబడింది.

"ఆపేశావా వాణ్ణి?"

"లేదు. నేనే పక్కకి జరిగాను."

ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి తీసేసింది.

గురువారం పొద్దున్నే బయలుదేరి, ఒంటిగంటకల్లా తకొరాడి గదిలో ఉన్నాడు. రెండింటికి రెండు నిమిషాల ముందు దెదెకు ఫోన్ చేశాడు. ఇద్దరూ గడియారం చూశారు. రెండయింది. రెండు దాటి ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"తెరుచుకుంది" అంది దెదె. ఏదో పేరు పైకి చదివింది, కిందటి కాన్పు సంగతి చదివింది, నెమ్మదిగా ఊపిరి వదిలింది. "ఉంటాను తమ్ముడూ. బయట ఒకమ్మాయి కూర్చునుంది, ఆమెదే ఇది."

ఆమె పెట్టేసిన మరుక్షణం ఫోన్ మళ్ళీ మోగింది. ఆమే అనుకుని చూశాడు. తెర మీద "కుసి మామ" అని ఉంది.

అంపొన్సెం ఆ పేరును రెండుసార్లు చదివాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ యంత్రానికి తను నేర్పింది ఒక్క లేవడమే కాదు. లేచాక, మామ వేళ్ళతో పని లేకుండా తనకు ఫోన్ కలపమని కూడా నేర్పాడు. నాలుగు నెలలుగా అది రోజూ కలుపుతూనే ఉంది. నలభై మీద తను అడ్డంగా కూర్చోబట్టి గది దాటి రాలేదు. నిన్న తను లేచాడు, ఇవాళ దారి దొరికింది. ఇంతే సంగతి. ఇంతే అని వందసార్లు అనుకున్నా చెయ్యి ఫోన్ దగ్గరికి వెళ్ళలేదు. అలవాటైన చెయ్యి, బోర్లా పెట్టడానికే ముందు కదిలింది.

ఎత్తాడు.

తెర మీద చీకటి గది. మూసిన కిటికీ. దగ్గరగా ఖాళీ కుర్చీ వీపు, దాని మీద ఎవరూ తీయని తువ్వాలు. దూరంగా తలుపు కింద సన్నటి వెలుగు గీత, అందులో కదలకుండా రెండు పాదాల నీడ. ఫ్యాను దగ్గుతోంది. ఆ దగ్గు మధ్య, తలుపు అవతలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నంత మామూలుగా.

"ఇవాళ కూడా ఎత్తలేదా వాడు?"

అంపొన్సెం ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎత్తాను మామా."

ఆ మాట అక్కడ, తాళం వేసిన గదిలో, ఖాళీ కుర్చీ ముందు పైకి పలకడం అతని చెవికి తిరిగి వినిపించింది. వెలుగు గీతలో పాదాల నీడ లేచి, తలుపుకు ఇంకా దగ్గరగా వచ్చింది.

"అదిగో కుసీ" అంది పెద్దమ్మ. "పలికాడు."