జొన్నపిట్టల పుస్తకంలో రెండో సంతకం

టీచరమ్మ శుక్రవారం తెల్లవారుతుండగా దవాఖానలో చనిపోయింది. సారు, అంటే ఆమె భర్త, గేటు దగ్గర ఆటో దిగి నాతో అన్న మొదటి మాట ఇది: "పెద్దయ్యా, ఇవాళ చెరువుకి వెళ్ళొచ్చారా?" నేనింకా వెళ్ళలేదు. ఆయన మొహం చూస్తే సంగతి అర్థమైంది. పోయిందని చెప్పడానికి నోరు రాక పిట్టల గురించి అడిగాడు. ఆ ఇంట్లో ఇరవై రోజులుగా అదొక్కటే ప్రశ్న.

నేను శేరిలింగంపల్లిలో ఈ అపార్ట్‌మెంటు కట్టినప్పటి నుంచి వాచ్‌మన్‌ని. నాకు అక్షరాలు నలభై ఏళ్ళు దాటాక రాత్రిబడిలో వచ్చాయి, అవీ సగమే. మన అపార్ట్‌మెంటు పత్రిక కోసం ఈ కాగితం రాయడానికి మూడు రోజులు పట్టింది. తప్పులు సెక్రటరీ దిద్దాడు. మాటలు మాత్రం మార్చవద్దని గట్టిగా చెప్పాను. టీచరమ్మను పొగడడానికి రాయడం లేదు, పొగిడితే ఆమెకు చిరాకు. ఆమె పిట్టల పుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. అది నిండుతుందో లేదో అని నాకు నిద్ర పట్టడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆమెది కాకినాడ వైపు. సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరై ఇక్కడికొచ్చింది. మొదటిసారి ఆమెతో మాట కలిసింది చెరువు గట్టు మీద. దూర్బీన్ కళ్ళకు పెట్టుకుని అద్దాల మేడ వైపు చూస్తూ నిలబడింది. ఆ ఆఫీసు సెక్యూరిటీవాడు వచ్చి ఆపాడు.

"అమ్మా, ఆఫీసులకు దూర్బీన్ పెట్టి చూసుడు నడవది."

"ఆఫీసు నాకెందుకు నాయనా, ఆ బూరుగు చెట్టు చూస్తున్నాను."

వాడు నమ్మలేదు. నేను కలగజేసుకున్నాను. "ఏందిరా, పెద్ద మనిషిని పరేషాన్ చేస్తున్నవ్? గా చెట్టు మీది జొన్నపిట్టలను చూస్తుంది, కనబడ్తలేదా?" అన్నాను. వాడు పోయాడు. టీచరమ్మ మాత్రం నన్ను వదల్లేదు.

"జొన్నపిట్టలంటారా వీటిని? మేం గులాబీ మైనాలంటాం. మీకెలా తెలుసండి?"

"ఎట్ల తెలుసంటే, ఒడిసెల తిప్పి రాళ్ళతోని కొట్టినం. గా అద్దాల మేడ ఉన్నకాడనే మా జొన్నచేను."

"అయ్యయ్యో, కొట్టడమేంటండి?"

"మా జొన్నలు తింటే కొట్టమా, దండం పెడ్తమా?"

ఆమె గట్టు మీద కూర్చుని మరీ నవ్వింది. మర్నాడు నా గది ముందుకు ఒక పొడవాటి నోట్‌బుక్కు తెచ్చింది. ఈ పిట్టలు చలికాలమంతా మన దగ్గర తిని, ఎండలు ముదిరే ముందు బూరుగు పూల తేనె తాగి, మంచు కొండలు దాటి వాటి దేశానికి పోతాయట. పోయే ముందు ఈ చెరువులో జమ్ము గడ్డి మీద గుంపుగా దిగుతాయి. ఎప్పుడు దిగాయి, ఎన్ని దిగాయి, ఎప్పుడు పోయాయి, అది రాయాలి. "మీరు లెక్కపెట్టండి, నా కళ్ళకి అంత వేగం లేదు" అంది.

ఎగిరే గుంపును ఒకటీ రెండూ అని ఎవడు లెక్కపెడతాడు? చేను కాసేటప్పుడు మా నాయన ఎలా చెప్పేవాడో అలాగే చెప్పాను. చేరెడు, చాటెడు, గంపెడు. ఆమె వారం రోజులు ఫొటోలు తీసి, చుక్కలు పెట్టి లెక్క కట్టుకుంది. నా చేరెడు ఎప్పుడూ ఇరవైకి అటూ ఇటూ, చాటెడు వందకు దగ్గర, గంపెడు ఐదారు వందలు. "మీ కొలతని తప్పు పట్టలేనండి" అని పుస్తకంలో ఆ మాటలే ఉంచింది. నా రాతలో తప్పులుంటే వదిలేసేది. "లెక్క తప్పితే దిద్దుతాను, అక్షరం తప్పితే దిద్దనండి" అనేది. నన్ను ఎవరూ అంత మర్యాదగా చూడలేదు. ఉన్న మాట చెబుతున్నాను.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. మొదటి ఏడాది ఒకరోజు ఆమె ఊరెళ్ళింది. నేను చెరువుకు పోయాను, ఒక్క పిట్టా లేదు. ఉత్త చేతులతో వచ్చానని రాయడం నామోషీ అనిపించి "చాటెడు" అని రాశాను. ఆమె వచ్చి చూసి, ఆ సాయంత్రం ఇక్కడ గాలివాన అని పేపర్లో చదివానంది. నేను నేల చూశాను. ఎర్ర పెన్నుతో ఆ మాట కొట్టేసి, "మీరు చూడనిది నాకెందుకు పెద్దయ్యా" అంది, అంతే. ఆ రోజే పుస్తకంలో రెండు గడులు గీసింది. లేవు అని రాయడానికి ఒక్కరి సంతకం చాలు. ఉన్నాయి అని రాయాలంటే ఇద్దరు చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. "ఒక్కరే చూస్తే ఆశ చూస్తుందండి" అనేది. నా పరువు పోకుండా, తన సంతకానికి కూడా అదే పద్ధతి పెట్టుకుంది. ఎనిమిది ఏళ్ళు తప్పలేదు.

ఈ ఏడాది కరెంటు వైర్లకు అడ్డమని బూరుగు కొమ్మలు సగం నరికారు. ఉన్న సగానికి పూలు వచ్చాయి, రాలాయి కూడా. పిట్టలు రాలేదు. టీచరమ్మ దవాఖానలో పడుకుని రోజూ ఫోను చేసేది. నేను రోజూ గట్టు మీద నిలబడి, ఆకాశం వైపు చూసి చూసి మెడ పట్టేసి, ఏం చెప్పాలా అని భయపడుతూ ఇంటికి వచ్చేవాణ్ణి. గురువారం సాయంత్రం చేసింది. గొంతు సన్నబడిపోయింది.

"వచ్చాయా?"

వచ్చాయి అంటే ఏం పోతుంది అని ఒక్క క్షణం అనిపించింది.

"రాలే టీచరమ్మా."

"మీరన్నారంటే రానట్టే. రాసెయ్యండి" అంది. నేను లేవు అని రాసి సంతకం పెట్టాను. తెల్లారేసరికి ఆమె లేదు. ఆ రోజు అబద్ధం చెప్పి ఉండవలసిందా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

సోమవారం సాయంత్రం వచ్చాయి. అద్దాల మేడ మీద నుంచి ఎండ దిగే వేళ, పొగ లేచినట్టు లేచి, మెలి తిరిగి, నరికిన బూరుగు మీద కాసేపు ఆగాయి. గంపెడు. గట్టు మీద మెడలో ఆఫీసు కార్డు ఉన్న ఒకాయన ఫోను మాట్లాడుతూ నడుస్తున్నాడు. పరుగెత్తి ఆపాను.

"బాబూ, జర గిటు చూడు."

"చిల్లర లేదు తాతా" అని పక్కకు తప్పుకున్నాడు.

నా బతుకులో ఎవరి ముందూ చేయి చాచలేదు. నేను తేరుకునేలోపు పిట్టలు జమ్ములో దిగిపోయాయి.

సారుకు ఫోను చేశాను. ఇంటి నిండా చుట్టాలున్నా వదిలేసి, టీచరమ్మ దూర్బీన్ పట్టుకుని వచ్చాడు. అప్పటికి చీకటి పడుతోంది. జమ్ములో కిచకిచలు మాత్రం వినబడుతున్నాయి.

"సంతకం పెట్టున్రి సారూ."

"వినబడుతోందండి, కనబడలేదు కదా. మామూలు గోరింకలు కూడా అందులోనే పడుకుంటాయని ఆవిడే చెప్పేది. నేను పెడితే ఊరుకుంటుందా?"

ఊరుకోదు. మర్నాడు వెలుగు రాకముందే ఇద్దరం పోయాం. జమ్ము ఖాళీ. పుస్తకంలో "గంపెడు" అని ఉంది, పక్కన నా సంతకం ఉంది, రెండో గడి అలాగే ఉంది. నా అబద్ధానికి పెట్టిన పద్ధతి ఇది. ఎవరిని అనను? రోజులు గడిచేకొద్దీ ఇంకో భయం పట్టుకుంది. నేను నిజంగానే చూశానా, లేక నా ఆశ చూసిందా?

అందుకే అడుగుతున్నాను. మీలో చాలామంది ఆ మేడల్లోనే పని చేస్తారు. సోమవారం సాయంత్రం అద్దంలోంచి, గులాబీ ఒళ్ళు, నల్ల తల ఉన్న పిట్టల గుంపును చూసినవారుంటే గేటు దగ్గరికి రండి. పుస్తకం నా గదిలో ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంది, ఆ దారం ఆమె కట్టిందే. చూడనివారు రావద్దు. నా మీద జాలితో సంతకం పెట్టవద్దు. ఎర్ర పెన్ను కూడా అందులోనే ఉంది.

సారూ నేనూ ఇంకా సాయంత్రాలు గట్టు మీద నిలబడుతున్నాం. వెనకబడిన గుంపు ఏదైనా రావచ్చని సారు అంటాడు. బూరుగు కాయలు పగిలాయి. గాలికి దూది లేచి చెరువు మీదుగా తేలుతుంది. తేలినప్పుడల్లా సారు దూర్బీన్ ఎత్తుతాడు.

"పెద్దయ్యా, అది పిట్టేనా?"

"కాదు సారూ. దూది."