మండని పొర

అక్క స్కూటరు తగలబడినప్పుడు నేను తిరుపతిలో, పరిశోధనశాలలో, మండని బ్యాటరీ కోసం పొడి నూరుతున్నాను. ఫోను చేసింది బావ. "మీ అక్క చేతులు కాలిపాయె. తిరుపతి పెద్దాసుపత్రికే తెస్తా ఉండాము" అన్నాడు. నేను చేతి తొడుగులు విప్పి, పొడి డబ్బాకు మూత పెట్టి, దాని మీద తేదీ కూడా రాసి బయలుదేరాను.

సూళ్లూరుపేటలో అక్క జాకెట్లు కుట్టేది. ఆ ఉదయం స్కూటరు వరండాలో ఛార్జింగులో ఉంది. పొగ చూసి, ప్లగ్గు పీకబోయిందట. అంతలో మంట ఎగసింది.

వార్డులో రెండు చేతులకూ కట్లు. నాకు ఏడుపు రాలేదు. బ్యాటరీ లోపలి ద్రవం వేడెక్కి ఉంటుంది, ఆవిరై అంటుకుని ఉంటుంది అని లెక్కగా ఆలోచిస్తూ నిలబడ్డాను.

"మే, నువ్వు చేసేది మండదంటివి గదా," అంది అక్క. "నాకొకటి చేసియ్యకూడదా?"

"అది ఇంకా రూపాయి బిళ్ళంతే ఉండాదక్కా. బండి నడవదు."

"ఇన్నేండ్లకు అంతేనా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను నీళ్ళ గ్లాసు ఆమె నోటికి అందించాను.

మరుసటి వారం మా పొరకు మంట పరీక్ష చేశాం. పాలిమర్‌లో సిరామిక్ పొడి, లిథియం లవణం కలిపి పోసి ఆరబెట్టిన పల్చటి పొర అది. బ్యాటరీలో ద్రవానికి బదులు అదే ఉంటుంది. మంట తగిలితే ముడుచుకుంది, అంచు నల్లబడింది, అంటుకోలేదు. మా సార్ వీపు తట్టారు. "అంటుకోలేదు" అని నోటుపుస్తకంలో రాసుకుని, ఆసుపత్రికి ఇడ్లీ కట్టించుకుని వెళ్ళాను.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అక్క ఆ పొరను చూపించమంది. తేమ తగిలి పాడైన ముక్కనొకటి తీసుకెళ్ళి ఆమె అరచేతిలో పెట్టాను. వేళ్ళు ముడుచుకోవడం లేదు.

"పాలమీగడ మాదిరి ఉండాదే. బరువే తెలీలేదు."

బరువు లేకనా, చెయ్యి మొద్దుబారా అని నేను అడగలేదు.

ఇప్పుడు అక్క కుట్టదు. వీధిలో ఇద్దరు ఆడపిల్లలను మిషను ముందు కూర్చోబెట్టి, "ఆడ కాదు, ఈడ మడువు" అని చెప్పి కుట్టిస్తుంది. బావ పెట్రోలు బండి కొన్నాడు. నేను ఆదివారాలు వెళ్ళి, ఆమెకు తల దువ్వి జడ వేస్తాను.