కప్పులు అయ్యేదాకా చూసిన కథ

మా ఆయనకు టెన్నిస్ రాదు. అయినా విదేశంలో మేముండే ఈ టార్నీట్‌లో తనంత టెన్నిస్ తెలిసినవారు లేరని ఆయన నమ్మకం. ఆ జ్ఞానమంతా ఒకే ఒక వీడియో ప్రసాదం. వందేళ్ళ కిందటి అమెరికా క్రీడాకారిణి జీవితకథ అది. మడమల దాకా గౌను వేసుకుని ఆడిందట. గోడే ఆవిడకు గురువట. వర్షం వస్తే ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో గోడకు బంతి కొట్టిందట. ఈ గొడుగు వీడియోలో లేదు. మా ఆయన తగిలించారు.

మా పదహారేళ్ళ అమ్మాయిని శనివారం మ్యాచ్‌కు తీసుకెళ్తూ కారులో ఈ పురాణం ఎత్తుకునేవారు. ఓడిపోతే తిరుగు ప్రయాణంలో మళ్ళీ మొదటినుంచి. భోజనానికి వచ్చినవాళ్ళకు బిర్యానీతో పాటు ఇదీ వడ్డించేవారు. విని విని నాకు ఆ మహాతల్లి పేరెత్తితేనే ఒళ్ళు మండేది. పాపం, ఆవిడేం చేసింది!

ఆదివారాలు అమ్మాయి క్లబ్బులో చిన్నపిల్లలకు ఆట నేర్పేది. అక్కడినుంచి వచ్చి ఎవడు బంతిని నోట్లో పెట్టుకున్నాడో, ఎవతె నెట్ కింద దూరిందో చెబుతూ రెండోసారి అన్నం పెట్టించుకునేది. మ్యాచ్ నుంచి వచ్చిన రోజు ముద్ద దిగేది కాదు. మా ఆయనకు ఇవేవీ కనిపించవు. ఎంట్రన్స్ ర్యాంకులకు అలవాటుపడిన కళ్ళు మరి.

మొన్న భోజనానికి వచ్చిన ఒకాయన, "నెక్స్ట్ ఏంటమ్మా, స్టేట్ లెవెలా?" అని అడిగారు.

"లేదంకుల్, మ్యాచెస్ ఆపేస్తున్నా. ఐ వాంట్ టు బి ఎ కోచ్," అంది అమ్మాయి.

మా ఆయన గట్టిగా నవ్వేశారు. "జోక్ చేస్తోందండీ. ఆడలేనివాళ్ళు కదా కోచ్‌లయ్యేది! ఆ అమెరికా ఆవిడ కూడా ఇలాగే అనుకునుంటే..."

"నాన్నా, షీ వాజ్ ఎ కోచ్. కప్పుల తర్వాత లైఫ్ అంతా పిల్లలకి నేర్పింది. సెకండాఫ్ మొత్తం అదే. యూ నెవర్ వాచ్డ్ ఇట్."

నిజమే. కప్పులు అయిపోగానే ఆయన వీడియో కట్టేశారు.

ఆయన నావైపు తిరిగి, "చిన్నపిల్ల, తెలియక వాగుతోంది. నువ్వైనా చెప్పు," అన్నారు.

"జోక్ కాదండీ. అది కోచ్ అవుతుంది," అన్నాను.

అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. దాని మొహంలో సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. ఇన్నాళ్ళూ దాని తరఫున నేను ఒక్కమాటైనా అన్నది లేదు మరి.