ఉప్పు బంగళా మేస్త్రి

మా ఉప్పు బంగళా మేస్త్రి పోయారు. పోయిన నెల ఒక పొద్దున్న టెక్కలి బస్టాండు దగ్గర టిఫిన్ చేస్తుంటే ఆయన కూతురు ఫోన్ చేసి, "నాన్న ఎల్లిపోయినాడు బాబూ, నిద్దట్లోనే" అంది. ప్లేటు పక్కన పెట్టి వాళ్ల ఊరి బస్సెక్కాను. సంతబొమ్మాళి దారిలో, ఉప్పుమళ్ల పక్కన ఉన్న మా హోటల్లో దిగినవాళ్లు నన్ను మెచ్చుకుని వెళతారు. ఆ మెప్పు అసలు ఎవరిదో ఇప్పుడైనా చెప్పాలి.

తెల్లదొరల కాలంలో ఉప్పు అధికారుల కోసం కట్టిన బంగళా అది. తర్వాత ఓ భూస్వామి కుటుంబం చేతికొచ్చి, జీడిపిక్కల బస్తాలకు గోదాము అయింది. హోటలు చేస్తాను, లీజుకివ్వండి అని అడిగితే ఆ ఇంటి పెద్దాయన నవ్వారు. "రెండేళ్లు ఇత్తన్నాను. ఈలోగా తెరిసినావా, సరే. నేదంటే పడగొట్టీసి ప్లాట్లు ఏసీత్తాను" అన్నారు.

మేస్త్రిది నందిగాం వైపు ఊరు. సున్నం పని తెలిసినవాడని ఎవరో చెబితే వెళ్లి పిలుచుకొచ్చాను. మొదటి రోజు ఆయన సంచిలోంచి తాపీ కూడా తీయలేదు. గది గదికీ తిరిగి, గోడను వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి విన్నారు. "ఏటి మేస్త్రి గారూ, గోడతో కబుర్లా?" అని నవ్వాను.

"డొల్ల ఎక్కడో అదే సెప్తాది బాబూ. బాగున్నదాన్ని మనం ముట్టుకోకూడదు" అన్నారు. తర్వాత విశాఖ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు గంటసేపు ఇంగ్లీషులో చెప్పింది ఈ ముక్కే.

గదికో బాత్రూం లేకపోతే హోటలెలా? గోడలు పగలగొడదామన్నాను. ఆయన వెనక వరండాలోకి తీసుకెళ్లి, పాత గోడకు జానెడు ఎడంగా బాత్రూములు కట్టించారు. "రేపు మరొకడు అక్కర్నేదనుకుంటే తీసీగలగాల. బంగళాకి ఒక్క గాటు పడకూడదు" అనేవారు. అతుకు వేసిన చోట పాతదానిలా కనబడేలా రంగు కలపనిచ్చేవారు కాదు. "కొత్తది కొత్తదనే తెలాల. ముసలితనానికి రంగేసుకోడం ఏటి, సిగ్గునేదా?" అంటూ నల్లగా నిగనిగలాడే నా జుట్టు వంక చూసేవారు.

గుల్ల సున్నం నానబెట్టాలి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బాలి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోయాలి. ఒక పూత ఆరనిదే మరో పూత వేయరు. నాకేమో గడువు తరుముకొస్తోంది. ఆయన మనవరాలి పెళ్లికని వారం ఊరెళ్లగానే తూర్పు మూల గదికి చకచకా సిమెంటు పూయించేశాను. అద్దంలా వచ్చిందని మురిసిపోయాను కూడా.

తిరిగొచ్చి చూశారు. "ఉప్పు గాలి తిన్న గోడ ఇది. సెమ్మ బయటికి రావాల గదా. ముక్కు మూసీసినావు బాబూ" అన్నారు. తాపీ తీసుకుని పక్క గదికి సున్నం పూయడానికి వెళ్లిపోయారు.

వానలు పడ్డాయి. సిమెంటు ఉబ్బి, పాత ఇటుక పొడితో సహా పెచ్చులు పెచ్చులుగా రాలింది. సరిగ్గా ఆ వారమే పెద్దాయన చూడ్డానికి వచ్చారు. నేను ఆ గదికి తాళం వేయబోయాను. మేస్త్రి నా చెయ్యి పట్టుకుని, "దాసకు. సూడనీ" అన్నారు.

లోపలికి రాగానే పెద్దాయన మొహం మాడ్చుకుని, "ఎవుడు సేసినాడిది?" అన్నారు. మేస్త్రి నా వంక చూశారు. ఇక తప్పలేదు. "నేనేనండి. ఈయన ఊళ్లో లేనప్పుడు పూయించాను" అన్నాను. నా రెండేళ్ల కష్టం, ఆ బంగళా, అన్నీ మట్టిలో కలిసినట్టే అనుకున్నాను.

మేస్త్రి ఆయన్ను పక్క గదిలోకి తీసుకెళ్లారు. "ఇది నాను సున్నం ఏసింది. అదే గోడ, అదే ఉప్పు, అదే వాన. సూసుకోండి బాబూ." ఆ గోడ పొడిగా, చెక్కు చెదరకుండా ఉంది. పెద్దాయన చాలాసేపు ఆ రెండు గదుల మధ్యే తిరిగారు. వెళ్తూ వెళ్తూ, "ఇంకో ఏడాది తీసుకో. పని మాత్రం ఈయన సెప్పినట్టే సెయ్యి" అన్నారు.

సంతోషం పట్టలేక మేస్త్రిని వాటేసుకున్నాను. "సంబరం సాల్లే. ఆ పెచ్చులు నువ్వే గీకు" అని ఉలి చేతికిచ్చారు. వారం రోజులు గీకేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ గోడకు ఆయనే మళ్లీ సున్నం పూశారు. ఆ బొబ్బలు చూసుకుంటే కలిగిన గర్వం నాకు మరే పనిలోనూ కలగలేదు.

మొన్న ఆయన భార్యను కూతురు వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ బంగళా ఎప్పుడూ చూడలేదట. తూర్పు మూల గది తెరిచి మంచం మీద కూర్చోమన్నాను. ఆవిడ మంచం వంక చూడనైనా లేదు. "ఈ సున్నమేనా! రోజూ ఒంటినిండా పూసుకుని ఇంటికి తెచ్చీవోడు. మా ముసలోడి గోడ ఉండగా మంచమెందుకు బాబూ" అని, గోడకు వీపు ఆనించి, కింద కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఆ గది బుక్ చేసుకున్నవాళ్లు అప్పటికే వచ్చేశారు. వాళ్లను వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. లోపల ఆవిడ గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, హాయిగా నిద్రపోతోంది.