బొంబాయి లైన్లో వినిపించిన గొంతు

ఈ రోజు పొద్దుటి నుంచి ముసురు. తీగలన్నీ తడిసి, మా బాన్సువాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒక లైన్లో మాటలు ఇంకో లైన్లో వినిపించాయి. తండా నుంచి వచ్చిన సోనీబాయి, జబ్బుతో భర్త ఉన్న బొంబాయి దవాఖానకు ట్రంకు కాల్ బుక్ చేసింది. అది కలవకముందే రిసీవరులో ఎవరో మగమనిషి, "నాకు నిమ్మళమైంది, ఇంటికొస్తున్న" అన్నాడు.

"అక్కా, గది వేరేటోళ్ల లైన్," అన్నాను.

"నా మొగని గొంతు నాకెరుక లేదా తమ్మీ? ఇగ ఫోనొద్దు," అని నవ్వింది.

వానాకాలంలో ఇలా మాటలు కలవడం మాకు మామూలే. ఇవాళ్టి గొంతు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. మీరైతే ఏమనుకునేవారు?

నేనింకా రద్దు చేయని ఆ కాల్‌కు తర్వాత దవాఖాన కలిసింది. సోనీబాయి భర్త ఉదయమే చనిపోయాడని చెప్పారు. ఆమె అప్పటికే నాలుగు గంటల బస్సులో తండాకు వెళ్ళిపోయింది.