పాటకూ పాటకూ మధ్య కామమ్మ

మైపాడు కామమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని నెల్లూరు వీధుల్లో ఇల్లిల్లూ తిరిగేది. అంగట్లో కూర్చుని అమ్ముకోరాదా అంటే, "అంగట్లో అందరూ నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడతారబ్బా. వాకిట్లో అయితే ఒక్క మనిషి, ఒక్క మాట" అనేది. చిన్నప్పుడు ఏళ్ళ తరబడి చెవుల్లో చీము కారిందట. అది మానింది కాబట్టి చెవులు బాగైపోయాయనే ఆమె నమ్మకం.

1962లో ఆమె అన్న చిన్నపోలయ్య కూతురు చెంచమ్మకు పెళ్ళి కుదిరింది. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికూతురికి తొలి నలుగు పెట్టేది మేనత్త. చెంచమ్మకున్న ఒక్క మేనత్త కామమ్మే. పిల్ల ఉయ్యాలలో ఉన్ననాటినుంచీ ఆ పూట కోసం కాచుకుని ఉంది.

పెళ్ళిళ్ళకు మైకు కట్టడం నా పని. నలుగు రోజు పొద్దున నేను మైకుసెట్టు దించేసరికి పెళ్ళికూతురి తల్లి వెంకటశేషమ్మ చిందులు తొక్కుతోంది.

"నిశ్చితార్థం నాడు పందిట్లో మూడుసార్లు పిలిస్తే పలక్కుండా పోయిందన్నా! ఇంట్లో గుసగుసలాడినా ఇనపడతాది, నలుగురిలో నేను పిలిస్తే చెవుడా? ఆ నలుగేదో మా అక్క పెడతాది."

"నువ్వు పిలిచిందెప్పుడు వదినా?" అంది కామమ్మ. ఆ మాటతో వదిన కోపం ఇంకా రాజుకుంది.

నేను పాటలు పెట్టాను. కామమ్మ ఒక మూల అటు తిరిగి, ముక్కు ఎగబీలుస్తూ బియ్యం ఏరుతోంది. మూడు నిమిషాలకు రికార్డు అయిపోయింది. వంట చేసే కామాక్షయ్య, "ఉప్పు యాడ పెట్టినారో" అని తనలో తను గొణుక్కున్నాడు.

"ఉట్టి కింద కుండలో చూడు" అంది కామమ్మ, తల తిప్పకుండానే.

నాకు వింతగా తోచింది. ఇంకో రికార్డు వేసి, కామమ్మను పిలవమని అతనితో అన్నాను. గొంతు చించుకున్నా ఆమె పలకలేదు. పాట ఆపితే, మెల్లగా అన్నదానికే "ఏందబ్బా?" అంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. వెళ్ళి వెంకటశేషమ్మను బతిమాలి తీసుకొచ్చాను.

"పాట మోగతా ఉంది. ఇప్పుడు పిలువక్కా."

"కామమ్మా!"

నడిసముద్రంలో పడవకైనా అందే కేక అది. పందిరంతా తిరిగి చూసింది, కామమ్మ తప్ప.

"చూశావా పొగరు!"

నేను రికార్డు మీది ముల్లు ఎత్తేశాను. "ఇప్పుడు మెల్లగా."

"కామమ్మా..."

"వస్తన్నా వదినా! నలుగ్గిన్నె తెమ్మంటావా?" చటుక్కున లేచింది కామమ్మ. ఒళ్ళోని బియ్యం నేలపాలయ్యాయి.

వెంకటశేషమ్మ నన్ను చూసింది, మైకును చూసింది. "నీ మైకు తగలెయ్య! మా ఆడబిడ్డను మింగేసినావు కదయ్యా!"

"మాట ఇనపడతాదక్కా. గోలలోనించి దాన్ని ఏరుకోవడమే ఆమెకు కుదరదు. అరిచి లాభంలేదు, ఎదురుగా వచ్చి చెప్పాల."

నలుగు జరిగినంతసేపూ మైకు మూగబోయింది. కామమ్మ తొలి నలుగు పెట్టింది, పాట పాడింది, "మీ అమ్మ మొగానిక్కూడా కాస్త పూస్తా, కోపం తగ్గుతాది" అని పెళ్ళికూతుర్ని పకపకా నవ్వించింది.

మధ్యాహ్నం బంతి భోజనాల్లో మళ్ళీ పాటలు, గిన్నెల మోత. వెంకటశేషమ్మ చేపల పులుసు గిన్నెతో అల్లంత దూరం నుంచి పిలవబోయి, నోరు మూసుకుని, విస్తళ్ళు దాటుకుంటూ వచ్చి ఆడబిడ్డ ఎదుట గొంతుక్కూర్చుంది.

"ఇంకో ముక్క ఎయ్యమంటావా?"

కామమ్మ ఆమె పెదవులకేసే చూస్తూ విస్తరి ముందుకు జరిపింది. "ఒకటేనా? ఇన్నాళ్ళూ అలిగినందుకు రెండెయ్యి!"