అయ్యగారి ప్రార్థన కోసం ఆగిన పాటలు

సత్తెనపల్లిలో వెబ్‌సైట్లు కట్టి బతికే హెలెన్ మూడు రోజులుగా తన కోడ్‌నే తిట్టుకుంటోంది. జావాస్క్రిప్ట్‌తో పాటల పేజీ ఒకటి చక్కగా కట్టింది. పాటలుండేది మాత్రం వేరే చోట, ఇంటర్నెట్‌లో కొట్టుగది లాంటి చోట. పేజీ అడగాలి, ఆ గది ఇవ్వాలి. ఈ రెంటి మధ్య దారి పేరు ఏపీఐ. దారి బాగానే ఉంది. ఎన్నిసార్లు అడిగినా వచ్చేది ఖాళీ జాబితా.

ఆ గదిలో పాటలు పెట్టాల్సింది పెద్దమ్మ జయకుమారి. తల్లి లేని హెలెన్‌ను పెంచిన మనిషి, సండేస్కూలు టీచరు. మిరప కోతల్లో ఆడవాళ్లు పాడుకునే దేవుడి పాటలు మరుగున పడిపోతున్నాయని, అవన్నీ తనే పాడి ఫోన్‌లో రికార్డు చేసేది. వాటిని ఆ గదిలోకి ఎక్కించడం హెలెన్ దగ్గరే నేర్చుకుంది. మొన్న ఈస్టరు ముందు శ్రమదినాల్లో గుండె ఆగి చనిపోయింది. ఫోన్ అంతకు ముందే సాగర్ కాలవలో పడింది. ఆ గొంతు ఇక ఎక్కడైనా ఉంటే ఆ గదిలోనే ఉండాలి. లేకపోతే లేదు, అంతే.

లోపలికి వెళ్లి చూడొచ్చుగా అంటారా? చూడొచ్చు. పెద్దమ్మ అసలేమీ పెట్టలేదని తేలితే ఆ పిల్ల ఏమైపోవాలి? తప్పు కోడ్‌లో ఉంటే దిద్దుకోనైనా దిద్దుకోవచ్చు.

నాలుగో రోజు పొద్దున్నే గుండె దిటవు చేసుకుని తెరిచింది. నలభై ఒక్క పాటలు. ప్రతిదాని పక్కనా 'డ్రాఫ్ట్' అని ఉంది. పబ్లిష్ నొక్కనిదే పాట బయటికి రాదు. ఇంత చేసి ఆ ఒక్క మీట ఎందుకు నొక్కలేదో మహాతల్లి. మొదటి పాట కింద రాసి పెట్టింది: "అయ్యగారు ప్రార్థన చేశాక తెరవాలి."

కొత్త కుట్టుమిషనైనా సరే, పాస్టరయ్యగారు ప్రార్థన చేయనిదే ముట్టని మనిషి మరి. హెలెన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వినాలని ప్రాణం కొట్టుకుంటున్నా వినలేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని చర్చికి నడిచింది.

"దీనికి ప్రార్థన చెయ్యండి అయ్యగారూ."

ప్రసన్నకుమార్ అయ్యగారు ల్యాప్‌టాప్ వంక చూశారు. "ఏముందమ్మా ఇందులో?"

"మా పెద్దమ్మ ఉందండి."

ఆయన దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

హెలెన్ అన్నిటికీ కలిపి పబ్లిష్ నొక్కి, తన పేజీ తెరిచింది. నలభై ఒక్క పేర్లూ బిలబిలా వచ్చేశాయి. మొదటి పాట నొక్కింది. ముందు గొంతు సవరించుకున్న చప్పుడు, ఆ వెనకే పెద్దమ్మ మాట.

"ఏమే హెలెనూ, ఎక్కిందంటావా ఇది?"

"ఎక్కింది పెద్దమ్మా," అంది హెలెన్. పాట మొదలైంది.